స్టాప్ కార్డు సరే, ఆగిన గంటకు డబ్బెవరిస్తారు?

సముద్రంలో చమురు బావి తవ్వే రిగ్గు ఎక్కిన ప్రతి మనిషికీ ఒక స్టాప్ కార్డు ఇస్తారు. కొందరు ఐడీతో పాటు మెడలో వేసుకుంటారు, కొందరు కవరాల్ జేబులో పడేసి మర్చిపోతారు. పని ప్రమాదంగా ఉందనిపిస్తే వంటమనిషైనా, పెయింటరైనా, నిన్న మొన్న చేరిన కుర్రాడైనా పని ఆపించవచ్చు, ఆపినందుకు ఎవరూ పల్లెత్తు మాట అనరు అని దాని మీద రాసి ఉంటుంది. కింద కంపెనీ పెద్దాయన సంతకం. అందులో రాసింది అబద్ధమని నేననను. ఆ పెద్దాయన మనస్ఫూర్తిగానే సంతకం పెట్టి ఉండొచ్చు. అయినా ఆ కార్డు తీసేవాళ్ళలో కంపెనీ మనుషులే ఎక్కువ, కాంట్రాక్టు మనుషులు తక్కువ. చేతులూ కాళ్ళూ పోగొట్టుకునే పనులు చేసేది మాత్రం రెండోవాళ్ళు.

మాది తిరుపతి. సముద్రం అడుగున కాళ్ళు ఆనించి నిలబడే జాకప్ రిగ్గుల మీద ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఎక్కువగా ముంబై తీరానికి దూరంగా ఉన్న ముంబై హై చమురు క్షేత్రంలో, కొన్నాళ్ళు కాకినాడ వైపు. ఇంటికొచ్చినప్పుడు చుట్టాలు జీతమెంత అని అడుగుతారు, ఆ తర్వాత తుఫానొస్తే ఏం చేస్తారని అడుగుతారు. మొదటిదానికి నవ్వి ఊరుకుంటాను. రెండోది సబబైన ప్రశ్నే. 2021 మే 17న తౌక్టే తుఫానులో పీ-305 అనే బార్జి ముంబై తీరానికి దూరంగా మునిగిపోయింది. అది కూలీలు పడుకునే బార్జి, అందులో 261 మంది ఉన్నారు. హెచ్చరికలు ముందే వచ్చాయి. బార్జి సముద్రంలోనే ఉండిపోయింది, లంగర్లు తెగాయి, 70 మందికి పైగా పోయారు. చనిపోయినవాళ్ళలో చాలామంది వెల్డర్లు, ఫిట్టర్లు, వంటవాళ్ళు, హెల్పర్లు. తుఫాను ఎటు పోతోందో శాటిలైట్ చెబుతుంది. పని ఆపి తీరానికి రావడానికయ్యే ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో మాత్రం కాంట్రాక్టు కాగితం చెబుతుంది. నేను ఇక్కడ రాయాలనుకున్నది ఆ కాగితం గురించే.

రిగ్గు చాలావరకు చమురు కంపెనీది కాదన్న సంగతి బయటివాళ్ళలో చాలామందికి తెలియదు. డ్రిల్లింగ్ కాంట్రాక్టరుది. చమురు కంపెనీ దాన్ని రోజు లెక్కన అద్దెకు తీసుకుంటుంది. అద్దెను డే రేటు అంటాం. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పేలిపోయిన డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు డే రేటు సుమారు 5 లక్షల డాలర్లు. మన తీరంలోని జాకప్‌లకు అంత ఉండదు. అయినా రూపాయల్లో రోజుకు లక్షల మీదే నడుస్తుంది వ్యవహారం. పొద్దున్నే పోయే రిపోర్టులో గడిచిన 24 గంటలనూ అరగంటలుగా చీల్చి రాస్తారు. ఈ అరగంట డ్రిల్లింగ్, ఈ అరగంట పైపు పైకి లాగడం, ఇది వాతావరణం కోసం ఆగడం, ఇది రిపేరు. రిపేరుకు నెలకు ఇన్ని గంటలని ఒక మినహాయింపు ఉంటుంది. అది దాటిందా, రిగ్గు జీరో రేటులోకి పోతుంది. నూరు మంది భోంచేస్తుంటారు, జనరేటర్లు డీజిల్ తాగుతుంటాయి, జీతాలు నడుస్తుంటాయి, కాంట్రాక్టరుకు పైసా రాదు.

జీరో రేటు అన్న మాట మీటింగులో పడగానే రిగ్గు మీద గాలి మారిపోతుంది. తిట్లూ కేకలూ ఉంటాయనుకుంటారేమో, అదేమీ ఉండదు. నేనెన్నడూ “టెస్టు వదిలెయ్” అనే మాట ఎవరి నోటా వినలేదు. వినేది ఒకటే మాట: “ఇంకెంతసేపు?” డ్రిల్ పైపును తిప్పే టాప్‌డ్రైవ్ మోటారు ట్రిప్పయి ఆగితే నేను పానెల్‌కు కరెంటు తెంచి, నా పేరు రాసిన ఎర్ర ట్యాగు కట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ చూస్తాను. ఆ కాసేపట్లో డ్రిల్లర్ ఫోను ఒకసారి, అతని పైన ఉండే టూల్‌పుషర్ ఫోను ఒకసారి, ముంబై ఆఫీసు నుంచి రిగ్ మేనేజరు ఫోను రెండుసార్లు. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. ఎంతసేపు పడుతుంది, మాకు తెలిస్తే చాలు అంటారు. ఆ తర్వాత కంపెనీ మ్యాన్, అంటే రిగ్గు మీదుండే చమురు కంపెనీ ప్రతినిధి, కరెంటు పానెళ్ళుండే ఎస్సీఆర్ రూము గుమ్మం దగ్గరకొచ్చి, చేతులు కట్టుకుని, ఊరికే నిలబడతాడు. మెగ్గర్ రీడింగు అటూ ఇటూ కాకుండా వచ్చినప్పుడు ఇంకో పదినిమిషాలు వేడెక్కనిచ్చి మళ్ళీ చూడాలా, ఇప్పుడే కరెంటు ఇచ్చేయాలా అన్న నిర్ణయం ఆ గుమ్మం ముందు తీసుకోవాలి. నాది పర్మనెంటు ఉద్యోగం, జుట్టు నెరిసింది, కాబట్టి మళ్ళీ చూస్తాను. పాతికేళ్ళ కుర్రాడు, ఆరు నెలల కాంట్రాక్టు మీద వచ్చినవాడు చూస్తాడని నేను పందెం కాయను.

పుత్తూరు కుర్రాడి సంగతి చెప్తాను. పేరెందుకు గానీ, రూస్టబౌట్‌గా వచ్చాడు, డెక్ మీద సామాన్లెత్తే పని. ఒక రాత్రి సప్లై బోటు రిగ్గు పక్కకు వచ్చింది. అలలు పెద్దవవుతున్నాయి, బోటు కెప్టెన్ రేడియోలో తొందర చేస్తున్నాడు. బోటు అద్దె కూడా గంటల లెక్కే కదా. క్రేను కొక్కేనికి తగిలించబోయే స్లింగుకు, అంటే బరువెత్తే ఉక్కుతీగల తాడుకు, ఈ క్వార్టరు రంగు పట్టీ ఉంది, అంటే తనిఖీ అయినట్టు లెక్క. ఈ అబ్బాయి టార్చి వేసి చూసి, గ్లౌజు తీసి, వేలితో తడిమాడు.

“అన్నా, ఇట్రా. ఈడ తీగలు లేచినాయి చూడు.”

నేను ఫ్లడ్‌లైటు పని మీద అక్కడే ఉన్నాను. చూశాను. స్లింగు చివర కొక్కేనికి తగిలే ఉచ్చు దగ్గర, దాన్ని బిగించే ఫెర్రూల్ పక్కనే, మూడు నాలుగు తీగలు తెగి ముళ్ళలాగా నిక్కబొడుచుకుని ఉన్నాయి. రంగేసినవాడు అక్కడిదాకా చూడలేదు.

“ఆపమని చెప్పేదా?” అన్నాడు.

“నన్నడిగేదేముంది, చెయ్యెత్తు.”

ఎత్తాడు. క్రేను ఆగింది. వేరే స్లింగు తెద్దామంటే స్టోరు తాళం స్టోర్‌కీపరు దగ్గర, ఆయన పగటి డ్యూటీ వాడు, నిద్రలో ఉన్నాడు. లేపి, తాళం తీసి, కొత్త స్లింగు నంబరు రిజిస్టరులో రాసి తెచ్చేసరికి బోటు దూరం జరిగిపోయింది, మళ్ళీ తెల్లారాక గానీ దగ్గరకు రాలేదు. ఆదివారం సేఫ్టీ మీటింగులో అందరి ముందూ ఆ అబ్బాయికి టీషర్టు ఇచ్చారు, ఫోటో తీశారు, చప్పట్లు కొట్టాం. ఫోటో ముంబై ఆఫీసు నోటీసు బోర్డులో కూడా పెట్టారట. తర్వాతి హిచ్‌కి, అంటే రిగ్గు మీద తర్వాతి విడత పనికి, వాట్సాప్‌లో క్రూ లిస్టు వచ్చినప్పుడు అతని పేరు లేదు. లేబరు కాంట్రాక్టరును అడిగితే, “మ్యాన్‌పవర్ తగ్గించినారన్నా, మళ్ళా పిలుస్తా” అన్నాడు. మళ్ళా పిలవలేదు. ఇప్పుడు నగరిలో పవర్‌లూమ్‌ల మోటార్లు రిపేరు చేసుకుంటున్నాడు.

స్లింగు ఆపినందుకే తీసేశారని నేను రుజువు చేయలేను. నిజంగానే మనుషుల్ని తగ్గించి ఉండొచ్చు, ఆ నెల తగ్గించారు కూడా. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. ఎవరూ ఎవర్నీ తీసేయరు, పిలవడం మానేస్తారంతే. ఆర్డరు ఉండదు, సంతకం ఉండదు, అప్పీలు చేసుకోవడానికి కాగితమే ఉండదు. డెక్ మీద మిగిలినవాళ్ళకు రుజువులతో పనిలేదు. చూశారు, అర్థం చేసుకున్నారు. ఆ తర్వాత రాసి ఇచ్చిన కార్డులన్నీ “మెట్ల మీద నీళ్ళున్నాయి, తుడిపించాను” బాపతే. మనిషికి రోజుకో కార్డు అని టార్గెట్ పెడతారు గనక కార్డులకు కొదవుండదు. నెలాఖరున గ్రాఫు బ్రహ్మాండంగా పైకి లేస్తుంది.

దీనికి ముందు జరిగేది కూడా మన వీధుల్లోంచే చూడాలి. తిరుపతిలో, శ్రీకాళహస్తిలో ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా బోర్డులు చూసే ఉంటారు, పక్కన హెలికాప్టరు బొమ్మ, రిగ్గు బొమ్మ. కోర్సుకు ఒక ఫీజు. రిగ్గుకు పోవాలంటే హెలికాప్టరు సముద్రంలో పడితే బయటపడే శిక్షణ ఉండాలి. కొలనులో క్యాబిన్‌ని ముంచి తలకిందులు చేస్తారు, బెల్టు విప్పుకుని కిటికీలోంచి ఈదుకుని రావాలి. దానికొక ఫీజు, ఆ సర్టిఫికెట్టు నాలుగేళ్ళకే చెల్లిపోతుంది. మెడికల్‌కు ఫీజు. ఏజెంటుకు విడిగా. కంపెనీ ఉద్యోగికైతే ఇవన్నీ కంపెనీ కడుతుంది. కాంట్రాక్టు కుర్రాడు ఇంట్లో బంగారం కుదువపెట్టి కడతాడు. వాడు రిగ్గెక్కేసరికే అప్పులో ఉంటాడు, రెండు మూడు హిచ్‌లు చేస్తే తప్ప ఆ అప్పు తీరదు. అలాంటివాడి చేతిలో కార్డు పెట్టి, “ధైర్యంగా పని ఆపించు బాబూ” అంటాం. చమురు ధర పడిపోయినప్పుడు కంపెనీ మీద పడే ఒత్తిడి గురించి పత్రికలు రాస్తాయి. ఈ కుదువ కొట్టు వడ్డీ ఒత్తిడి గురించి ఎవరూ రాయరు.

చమురు ధర సంగతీ చెప్పుకోవాలి గనక చెప్తాను. 2014 మధ్యలో పీపా 110 డాలర్లు దాటి ఉన్నది, 2016 జనవరికి 30 లోపుకు పడింది. ప్రపంచమంతటా డే రేట్లు బాగా కూలాయి. రిగ్గులు వరసగా పక్కన పెట్టేశారు. పక్కన పెట్టిన రిగ్గుల్లోంచి పార్టులు పీకి నడిచే రిగ్గులకు తగిలించారు. ఇద్దరు చేసే పని ఒకడి మీద పడింది. “వచ్చే క్వార్టరు చూద్దాం” అన్నది రిపేర్ల రిజిస్టరులో మామూలు మాటైపోయింది. తర్వాత 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ధర సున్నా కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. డీప్‌వాటర్ హొరైజన్ పేలిన రోజుకు సరిగ్గా పదేళ్ళు. కాకతాళీయమే, కానీ మా బోటివాళ్ళకు ఆ తేదీ మర్చిపోవడం కష్టం.

2010 ఏప్రిల్ 20న అక్కడ ఏం జరిగిందో మా శిక్షణలో చాలాసార్లు చెబుతారు. బావి పని నెలకు పైగా వెనకబడింది, బడ్జెట్ కోట్ల డాలర్లు మించింది. సిమెంటు సరిగ్గా పట్టిందో లేదో చూసే లాగ్ అనే పరీక్ష చేయడానికి వచ్చిన మనుషుల్ని ఆ పొద్దున అక్కర్లేదని హెలికాప్టరెక్కించి పంపేశారు. ఆ లాగ్‌కు అయ్యే ఖర్చు 1,28,000 డాలర్లు, అంటే రిగ్గు అద్దెలో ఆరేడు గంటలది. సాయంత్రం ప్రెషరు టెస్టులో డ్రిల్ పైపులో 1,400 పీఎస్ఐ చూపించింది. ఉండకూడని ప్రెషరు. దానికి “బ్లాడర్ ఎఫెక్ట్” అని ఒక కారణం అల్లుకుని, టెస్టు పాసైందనుకున్నారు. రాత్రికి 11 మంది చనిపోయారు. ఆ రోజు రిగ్గు మీదికి పెద్దవాళ్ళు వచ్చి ఉన్నారు. ఎందుకంటే, ఏడేళ్ళుగా పని మానాల్సినంత గాయం ఒక్కరికీ తగల్లేదని అభినందించడానికి.

ఈ చివరి సంగతి దగ్గర నేను కాస్త ఆగుతాను. ఆ అభినందన బూటకం కాదు. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోవడం, కప్పుకు మూత పెట్టుకోవడం, గ్లౌజు వేసుకోవడం, ఇవన్నీ నిజంగా గాయాల్ని తగ్గించాయి. నేను చేరిన కొత్తలో వేళ్ళు తెగినవాళ్ళు ప్రతి రిగ్గు మీదా కనబడేవాళ్ళు, ఇప్పుడు అరుదు. మంచిదే. కానీ కమ్మీ పట్టుకోవడానికి కంపెనీకి పైసా ఖర్చు లేదు, అరగంట కూడా పోదు. గాయాల లెక్క చూసి రిగ్గు క్షేమంగా ఉందనుకోవడంలో చిక్కు ఇదే. బావి ప్రెషరు, వాల్వు రిపేరు, గ్యాస్ డిటెక్టర్ కాలిబ్రేషన్, వీటన్నిటికీ గంటలు కావాలి. గంటలు అడిగే భద్రతా, గంటలు అడగని భద్రతా ఒకే బోర్డు మీద ఒకే పచ్చ రంగులో కనబడతాయి.

పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫారం కథలో కూడా అందరూ చెప్పేది సగమే. 1988 జూలై 6, నార్త్ సీ. ఒక పంపు సేఫ్టీ వాల్వును రిపేరుకు తీసి ఆ చోట బిళ్ళ బిగించారు. ఆ పర్మిట్ కబురు రాత్రి షిఫ్టుకు అందలేదు. రెండో పంపు ఆగిపోతే ఈ పంపు నడిపారు, గ్యాస్ లీకయి పేలింది. 167 మంది పోయారు. పర్మిట్ కాగితం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఈ కథ వాడతారు. మిగతా సగం ఏమిటంటే, పక్కన టార్టన్, క్లేమోర్ అనే ప్లాట్‌ఫారాలు ఉన్నాయి, వాటి పైపులైన్లు పైపర్‌తో కలిసి ఉన్నాయి. దూరాన మంట కనబడుతోంది. అయినా అటునుంచి చమురు, గ్యాసు వెంటనే ఆపలేదు. ఆపడానికి అక్కడి మేనేజర్లకు అధికారం ఉంది, బటన్ చేతిలోనే ఉంది. పైవాళ్ళను అడుగుదాం, కాసేపు చూద్దాం అన్నారు. వాళ్ళు దుర్మార్గులని నేననుకోను. ఉత్పత్తి ఆపిన మేనేజరు సంజాయిషీ చెప్పుకోవాలి, ఆపని మేనేజరు చెప్పుకోనక్కర్లేదు, అప్పటిదాకా వాళ్ళకు అలవాటైన లోకం అది. పుత్తూరు కుర్రాడికీ, క్లేమోర్ మేనేజరుకూ జీతంలో ఎంత తేడా ఉన్నా ఇరుక్కున్న చోటు ఒకటే.

మన ముంబై హై నార్త్ ప్లాట్‌ఫారం 2005 జూలై 27న తగలబడింది. సముద్ర సురక్ష అనే నౌకలో వంటమనిషికి వేళ్ళు తెగాయి. వర్షాకాలం, హెలికాప్టరు రాలేదు. అతన్ని ప్లాట్‌ఫారం మీదికి చేర్చాలని నౌక దగ్గరికి వచ్చింది. గాలి మరుగు వైపు క్రేను పనిచేయడం లేదు. కాబట్టి గాలికి ఎదురు వైపునుంచి వచ్చింది, అలల తోపుకు గ్యాసును పైకి తెచ్చే ఒక రైజర్ పైపుకు గుద్దుకుంది. గ్యాసు అంటుకుని రెండు గంటల్లో ప్లాట్‌ఫారమే లేకుండా పోయింది. 22 మంది చనిపోయారు. పనిచేయని ఆ క్రేను గురించి నేను తరచూ ఆలోచిస్తుంటాను. అది ఏ రిజిస్టరులో, ఎన్నాళ్ళుగా, ఏ కారణంతో పెండింగులో ఉందో నాకు తెలియదు గానీ, పెండింగులో ఉన్న క్రేను లేని చోట నేనెప్పుడూ పనిచేయలేదు.

ఇదంతా విని మా బావ ఒకాయన, ఆయనకు మన జిల్లాలోనే గ్రానైట్ క్వారీ ఉంది, “ఎన్ని చెప్పు బావా, తప్పు పిల్లోళ్ళదే. హెల్మెట్ ఇస్తే దాంట్లో నీళ్ళు తాగతారు” అన్నాడు. నిర్లక్ష్యం లేదని నేననను, కళ్ళతో చూస్తున్నాను. కానీ నిర్లక్ష్యానికి మందు పోస్టరు, ఉపన్యాసం అన్న దగ్గర ఒప్పుకోను. దీనికి మన ఊళ్ళోనే జవాబుంది. తిరుమల కొండకు పోయే కార్లకు అలిపిరి టోల్‌గేటు దగ్గర టైము వేసిన చీటీ ఇచ్చే పద్ధతి పెట్టారు. నిర్ణయించిన సమయం కంటే ముందే పైకి చేరితే జరిమానా. అంటే తొందరపడి ఏమీ మిగలదు. ముందుగా పోయినవాడు పైన గేటు ముందు బండి ఆపుకుని కూర్చోవాలి. డ్రైవరు భక్తుడా, తాగుబోతా, కుర్రాడా, ముసలాయనా అని ఎవరూ చూడక్కర్లేదు. రిగ్గు మీద లెక్క సరిగ్గా తిరగబడి ఉంది. ముందు చేరినవాడికి బోనసు, చీటీ చూసుకుని నిదానంగా పోయినవాడికి జీరో రేటు.

కాబట్టి నేనడిగేది సంస్కృతి మార్పు కాదు, టెండరులో ఒక క్లాజు. స్టాప్ కార్డు మీద ఆగిన గంటలు రిపేరు మినహాయింపులో కలవకూడదు, వాటికి పూర్తి డే రేటు చమురు కంపెనీ కట్టాలి. ఆపింది సరైన కారణానికేనా కాదా అని తర్వాత విచారించుకోవచ్చు, డబ్బు మాత్రం కోయకూడదు. దీన్ని అడ్డం పెట్టుకుని కాంట్రాక్టర్లు ఊరికే రిగ్గులు ఆపి కూర్చుంటారని ఒక సీనియరు నాతో వాదించాడు. కొందరు ఆపుతారు, నిజమే. తప్పుడు ఆపుల కోసం పోయే డబ్బు ఎంతైనా ఒక బావి తగలబడితే పోయేదాని ముందు లెక్కలోకి రాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుంటే ఆర్పడానికి 65 రోజులు పట్టింది. కోనసీమ వాళ్ళను అడగండి, రాత్రిళ్ళు ఆ వెలుగు ఎంత దూరం కనబడేదో చెబుతారు.

రెండోది, లేబరు కాంట్రాక్టరు ఎవర్నైనా మళ్ళీ పిలవకపోతే, అంతకు ముందు హిచ్‌లో ఆ మనిషి పని ఆపించి ఉంటే, ఎందుకు పిలవలేదో కాగితం మీద రాసి చమురు కంపెనీకి ఇవ్వాలి. అబద్ధం రాస్తాడంటారా, రాయనీయండి. రాసిన అబద్ధాన్ని పట్టుకోవచ్చు, రాని ఫోను కాల్‌ని పట్టుకోలేం.

మూడోది మన చేతిలో లేనిది. సముద్రంలో భద్రతకు 2008లో కేంద్రం నియమాలు తెచ్చింది. వాటిని చూసేది 1986లో పెట్టిన చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేటు, ఓఐఎస్‌డీ. అది పెట్రోలియం శాఖ కిందే ఉంది. ఉత్పత్తి పెంచమని ఒత్తిడి చేసేదీ ఆ శాఖే, ప్రభుత్వ చమురు కంపెనీల యజమానీ ఆ శాఖే. పైపర్ ఆల్ఫా మీద విచారణ చేసిన లార్డ్ కల్లెన్ 1990లో 106 సిఫార్సులు చేశాడు. వాటి ప్రకారం బ్రిటన్ సముద్ర భద్రతను ఇంధన శాఖ నుంచి తీసి వేరే సంస్థకు ఇచ్చింది. డీప్‌వాటర్ హొరైజన్ తర్వాత అమెరికా కూడా లీజుల డబ్బు వసూలు చేసే పనినీ, భద్రత చూసే పనినీ విడదీసింది. రెండు దేశాలూ పెద్ద ప్రమాదం జరిగాకే ఆ పని చేశాయి. మనకు ముంబై హై నార్త్ అయింది, పీ-305 అయింది, విడదీయలేదు.

ఈలోగా తిరుపతి, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి రిగ్గులకు పోదామనుకునే తమ్ముళ్ళు నన్ను అడుగుతుంటారు, పొమ్మంటావా అన్నా అని. పొమ్మనే చెబుతాను. పని మంచిది, నేర్చుకునేది చాలా ఉంది. ఏజెంటుకు డబ్బు కట్టే ముందు మాత్రం కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. శిక్షణ ఫీజు ఎవరిది, జీతంలోంచి కోస్తారా? రిగ్గు వాతావరణానికో రిపేరుకో ఆగిన రోజు మీ కూలి ఆగుతుందా? మళ్ళీ పిలిచే నిర్ణయం ఎవరిది, ఆ మనిషి పేరేమిటి, ఫోను నంబరేమిటి? ఈ చివరిదానికి “అదంతా నేను చూసుకుంటాగదా తమ్ముడూ” అని జవాబొస్తే, బంగారం ఇంట్లోనే ఉంచి వేరే ఏజెంటును చూసుకోండి.